వారసత్వం ఓ ఇంటర్వ్యూ ప్రశ్న

సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి తొలిసారి ఇంటర్వ్యూకు వెళ్లే కుర్రాడిని అర్ధరాత్రి నిద్రలేపి అడిగినా నాలుగు మాటలు తడుముకోకుండా చెబుతాడు. ఎన్‌క్యాప్సులేషన్, ఆబ్‌స్ట్రాక్షన్, ఇన్‌హెరిటెన్స్, పాలీమార్ఫిజం. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ అనే మేడకు ఇవి నాలుగు స్తంభాలు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో మొదటి వారంలోనే బోర్డు ఎక్కేవి ఇవే, ఇంటర్వ్యూ గదిలో మొదటి పది నిమిషాల్లో ఎదురయ్యేవీ ఇవే. "నిజజీవితం నుంచి ఉదాహరణ చెప్పండి" అని అడిగితే దానికీ జవాబు సిద్ధంగానే ఉంటుంది. జంతువు ఒక క్లాస్. కుక్క, పిల్లి దాని సంతానం. అరవమంటే కుక్క భౌ అంటుంది, పిల్లి మ్యావ్ అంటుంది. అభ్యర్థుల్లో చాలామందికి నిజజీవితం అక్కడితో అయిపోతుంది.

నేను ప్రోగ్రామర్ని కాను. రాజనీతి శాస్త్రంలో ఎం.ఏ. చేసి పత్రికల్లోకి వచ్చినవాణ్ని. అయితే ఆ నాలుగు మాటల్లో ఒకటి మా సబ్జెక్టులో ఏనాటి నుంచో తగాదాల్లో ఉన్నదే. ఇన్‌హెరిటెన్స్ అంటే వారసత్వం. రాజ్యం ఎవరిది, పదవి ఎవరిది, తండ్రి కుర్చీ కొడుకుది అవుతుందా అనే ప్రశ్న లేకుండా మా పాఠ్యపుస్తకాలే లేవు. ఆ మాట కోడ్ పాఠంగానూ, ఓ కుటుంబం కథగానూ ఒకేసారి నా చెవినపడిన చోటు ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్, అందులోనూ తార్‌బహార్.

ఆ పేరులోనే సగం విషయం ఉంది. హిందీలో తార్ అంటే తీగ, బాహర్ అంటే బయట. రైల్వే స్టేషన్‌కూ, రైల్వే కాలనీలకూ ఆనుకుని ఉన్న ఈ బస్తీకి అంతకన్నా తగిన పేరు ఉండదు. రైలు వచ్చాకే బిలాస్‌పూర్ పెద్ద ఊరైంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1890 ప్రాంతంలో ఈ దారిన పట్టాలు వేసింది. 1930ల ఆరంభంలో రాయ్‌పూర్-విజయనగరం మార్గం పూర్తికావడంతో ఉత్తరాంధ్రకు ఈ ప్రాంతం పెరటి తోవ అయిపోయింది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి ఖరగ్‌పూర్ వెళ్లినట్టే బిలాస్‌పూర్ కూడా వచ్చి గ్యాంగ్‌మన్లుగా, ఖలాసీలుగా, ఫైర్‌మన్లుగా చేరిన కుటుంబాలు ఇక్కడే ఉండిపోయాయి. 2000 నవంబరులో కొత్త రాష్ట్రం వచ్చింది. 2003 ఏప్రిల్‌లో ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడి బిలాస్‌పూర్ దానికి ప్రధాన కేంద్రమైంది. మా పిన్ని వాళ్లింట్లో మాత్రం పెద్దగా ఏమీ మారలేదు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, పరీక్షలో ఇంగ్లీషు.

బాబాయ్ లోకో పైలట్‌గా రిటైరయ్యారు. 1983లో ఉద్యోగంలో చేరి, ఎక్కువ కాలం కోర్బా నుంచి బొగ్గు రేక్‌లు లాగారు. చిన్నకొడుకు ఇంజినీరింగ్ పూర్తిచేసి ఉద్యోగ ప్రయత్నాల్లో ఉన్నాడు. నేను వెళ్లిన వారమే ఒక కంపెనీ ఇంటర్వ్యూలో వెనుదిరిగి వచ్చాడు. "ఇన్‌హెరిటెన్స్‌కి ఉదాహరణ అడిగారన్నయ్యా. కుక్క, పిల్లి చెప్పాను. ఇంకోటి చెప్పమన్నారు. కారు, బైకు చెప్పాను. ఇవన్నీ పుస్తకంలో ఉన్నవే, మీరు చూసినదేదైనా చెప్పండన్నారు. నోరు పెగల్లేదు" అన్నాడు.

పక్క మంచం మీంచి బాబాయ్ అందుకున్నారు. "ఏటిరా అది, ఇన్‌హెరిటెన్సంటే?" వాడు చెప్పాడు. ఒక క్లాస్‌లో ఉన్న గుణాలూ, పనులూ మరో క్లాస్‌కి సంక్రమించడం. ఆయన కాసేపు ఆలోచించి, "దానికి కుక్కలూ పిల్లులూ ఎందుకురా, ఇంజన్లు లేవేటి మనకి?" అన్నారు. ఆ రాత్రి మా ఇంటర్వ్యూ క్లాసు అలా మొదలైంది.

ఇంజన్లను రైల్వే వాళ్లు ఏనాటి నుంచో క్లాసులుగానే చెప్పుకుంటారు. డబ్ల్యూఏజీ-9 అనేది క్లాస్ పేరు. డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజ్, ఏ అంటే ఏసీ కరెంటు, జీ అంటే గూడ్స్. అది ఒక నమూనా మాత్రమే, దాన్ని ఎవరూ తోలలేరు. ఆ నమూనా ప్రకారం తయారై, ఒంటి మీద అయిదంకెల నంబరు వేసుకుని షెడ్‌లో నిలబడిన ఒక్కొక్క ఇంజనే ఆబ్జెక్ట్. నమూనా ఒకటే అయినా ఒకదాని చక్రాలు అరిగి ఉంటాయి, మరొకటి నిన్ననే ఓవర్‌హాల్ నుంచి వచ్చి ఉంటుంది. క్లాస్‌కూ ఆబ్జెక్ట్‌కూ తేడా చెప్పమన్నప్పుడు పుస్తకం ఇచ్చే వాక్యం కన్నా ఇది స్పష్టంగా ఉంది.

ఎన్‌క్యాప్సులేషన్ ఇంకా తేలిక. పైన తీగలో 25,000 వోల్టుల కరెంటు ఉంటుంది. అది పాంటోగ్రాఫ్ ద్వారా ఇంజన్‌లోకి దిగి ట్రాన్స్‌ఫార్మర్, కన్వర్టర్లు దాటి మోటార్లకు చేరుతుంది. డ్రైవర్ చేతికి వచ్చేది థ్రాటిలూ, బ్రేకులూ, కొన్ని మీటలూ. హైటెన్షన్ పరికరాల దగ్గరికి పోవాలంటే పాంటోగ్రాఫ్ దించి, ఎర్తింగ్ చేశాకే తాళంచెవి చేతికొచ్చే ఏర్పాటు ఉంటుంది. "అందులో చెయ్యి పెట్టనివ్వకపోవడం నా మీద నమ్మకం లేక కాదురా, నేను బతకాలని" అన్నారు బాబాయ్. ప్రోగ్రాములో డేటాను ప్రైవేట్ అని ప్రకటించి, దాన్ని తాకాలంటే ఫలానా దారిలోనే రావాలని కట్టడి చేయడం వెనుక ఉన్న ఆలోచన ఇదే. దాచడం ఎందుకని ఇంటర్వ్యూలో అడిగితే 'సెక్యూరిటీ కోసం' అని చాలామంది ఒక్క మాటతో సరిపెడతారు. దొంగల భయం అందులో చిన్న భాగం. మంచి ఉద్దేశంతో వచ్చినవాడు కూడా పొరపాటున లోపలి లెక్క చెడగొట్టకుండా చూడటమే అసలు పని.

థ్రాటిల్ ముందుకు తోస్తే బండి లాగుతుందని తెలిస్తే చాలు, లోపలి కన్వర్టర్ గుట్టు తెలియనక్కర్లేదు. అది ఆబ్‌స్ట్రాక్షన్. ఇక సిగ్నల్ ఆకుపచ్చ వేస్తుంది. ఎదురుగా ఉన్నది 58 బొగ్గు వ్యాగన్ల రేకా, కోర్బా-విశాఖ ఎక్స్‌ప్రెస్సా అని అది అడగదు. 'పో' అని ఒక్కటే చెబుతుంది. రేక్ బద్ధకంగా, కప్లింగులు ఒక్కొక్కటే బిగుసుకుంటూ కదులుతుంది. ఎక్స్‌ప్రెస్ చప్పున అందుకుంటుంది. ఆజ్ఞ ఒకటే, పాటించే తీరు ఎవరిది వారిది. గ్రీకులో 'అనేక రూపాలు' అని అర్థమిచ్చే పాలీమార్ఫిజం ఇంతే. రేపు వేరే రకం రైలు పట్టాల మీదికి వచ్చినా సిగ్నల్‌ను మార్చనక్కర్లేదు. లాభం అక్కడుంది.

అసలు ఈ చదువు పుట్టిందే ఇలాంటి చోట్ల. 1960లలో ఓస్లోలోని నార్వే కంప్యూటింగ్ కేంద్రంలో క్రిస్టెన్ నైగార్డ్, ఓలె-యోహాన్ దాల్ సిమ్యులా అనే భాష తయారుచేశారు. వాళ్లకు కావలసింది క్యూలు, రవాణా, కర్మాగారాల పని వంటి వాటిని కంప్యూటర్‌లో నడిపి చూడటం. లోకంలో ఉన్న వస్తువులకు ప్రోగ్రాములో ప్రతిరూపాలు ఉంటే పని సులువవుతుందన్న ఆలోచన అలా వచ్చింది. 1967 నాటి సిమ్యులాలో క్లాస్, వారసత్వం రెండూ ఉన్నాయి. ఇద్దరికీ 2001 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు దక్కింది. మా శాస్త్రం వాళ్లకు నచ్చే విషయం మరొకటుంది. 1970లలో నైగార్డ్ నార్వే లోహ కార్మికుల సంఘంతో కలిసి పనిచేశారు. యంత్రాలు ఎలా వాడాలన్న నిర్ణయంలో కార్మికుడికీ మాట ఉండాలన్నది ఆయన పట్టుదల. యూరోపియన్ యూనియన్‌లో నార్వే చేరాలా వద్దా అన్న 1994 రెఫరెండంలో వద్దన్న పక్షానికి నాయకుల్లో ఆయనొకరు. ఆ పక్షమే గెలిచింది. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ అన్న మాటను వాడుకలోకి తెచ్చిన అలన్ కే 1970లలో జిరాక్స్ పరిశోధన కేంద్రంలో స్మాల్‌టాక్ రూపొందించారు. 1985లో మార్కెట్‌లోకి వచ్చిన సీ ప్లస్ ప్లస్, 1995లో విడుదలైన జావా ఆ ఆలోచనను కంపెనీలకు చేర్చాయి. మన కుర్రాళ్లకు అది చేరింది జావా ద్వారానే, అదీ సిలబస్ రూపంలో.

ఇంతకీ వారసత్వం మాట. బాబాయ్ చెప్పిన ఉదాహరణ అద్భుతంగా మొదలైంది. గూడ్స్ కోసం తయారైన డబ్ల్యూఏజీ-9 నుంచే ప్యాసింజర్ ఇంజన్ డబ్ల్యూఏపీ-7 పుట్టింది. పరికరాల్లో చాలావరకు అవే, గేర్ నిష్పత్తి వేరు. గూడ్స్ ఇంజన్ గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు అయితే దీనిది 140. "చూశావా, తండ్రిది తీసుకుని, ఒక్కటి మార్చుకున్నాడు" అన్నారు. తమ్ముడి మొహం వెలిగింది. తల్లి క్లాస్ నుంచి అన్నీ తీసుకుని ఒక్క పనిని తనకు తగ్గట్టు తిరగరాసుకోవడాన్ని ప్రోగ్రామర్లు ఓవర్‌రైడింగ్ అంటారు.

అంతలో బాబాయే తల అడ్డంగా ఊపారు. "కాని దీన్ని బొగ్గు రేక్‌కి తగిలిస్తే ఎత్తులో కూచుండిపోద్దిరా. అంత లాగుడు దీనికి లేదు. గూడ్స్ ఇంజన్ అడిగితే ఇది పంపిస్తే ఊరుకోరు."

తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఇది ఇన్‌హెరిటెన్స్ కాదు నాన్నా" అన్నాడు.

అమెరికా శాస్త్రవేత్త బార్బరా లిస్కోవ్ 1987లో చెప్పిన సూత్రానికి వాడు తనంతట తాను చేరుకున్నాడు. తండ్రి క్లాస్ ఉండాల్సిన చోట కొడుకు క్లాస్‌ను పెట్టినా పని ఆగకూడదు. తండ్రి ఇచ్చిన హామీలన్నీ కొడుకు నిలబెట్టగలిగితేనే అది వారసత్వం. పోలికలు ఉన్నంత మాత్రాన చాలదు. మరి రెండు ఇంజన్లకూ ఉన్న ఉమ్మడి సంగతి మాటేమిటి? దానికీ జవాబు ఉంది. మోటార్లు, కన్వర్టర్లు, గేర్లు వంటివి విడి భాగాలుగా ఉంటాయి. ఒక్కో ఇంజన్ తనకు కావలసిన గేర్ తను బిగించుకుంటుంది. ఎవరూ ఎవరికీ కొడుకు కానక్కర్లేదు. దీన్ని కంపోజిషన్ అంటారు. 1994లో నలుగురు రచయితలు కలిసి వెలువరించిన 'డిజైన్ ప్యాటర్న్స్' పుస్తకం వారసత్వం కన్నా కూర్పుకే ఎక్కువ మొగ్గు చూపమని ప్రోగ్రామర్లకు సలహా ఇచ్చింది. వారసత్వం తేలిగ్గా దొరుకుతుంది. కాని తండ్రి క్లాస్‌లో ఒక గీత మారితే కింద ఉన్న సంతానమంతా కదిలిపోతుంది.

ఆ వాక్యం తార్‌బహార్‌లో కూర్చుని వింటే వేరుగా వినిపిస్తుంది.

ఈ బస్తీలో చాలాకాలం వారసత్వం అంటే ఉద్యోగం. డ్యూటీలో ఉండగా తండ్రి పోతే కారుణ్య నియామకం ఉండేది, ఇప్పటికీ ఉంది. 2004లో రైల్వే మరో పథకం తెచ్చింది. భద్రతకు సంబంధించిన పనుల్లో ఉన్న డ్రైవర్లు, గ్యాంగ్‌మన్లు ముందుగా రిటైరైతే వారి సంతానంలో అర్హులైన ఒకరికి ఉద్యోగం. 2010లో దాన్ని మరికొన్ని వర్గాలకు విస్తరించారు, 'లార్స్‌గెస్' అన్న పేరుతో. బాబాయ్‌కి 55 ఏళ్లు నిండింది 2017లో. పెద్దకొడుకు కోసం కాగితాలన్నీ సిద్ధం చేసుకున్నారు. అంతకుముందే, 2016లో పంజాబ్, హర్యానా హైకోర్టు ఆ పథకం రాజ్యాంగంలోని 14, 16 అధికరణాల ముందు నిలబడేలా లేదని చెప్పి ఉంది. 2017 అక్టోబరులో పథకం ఆగింది. 2018 సెప్టెంబరులో రద్దయింది. పెద్దవాడు ఇప్పుడు రాయ్‌పూర్‌లో ఓ ప్రైవేటు ఉద్యోగంలో ఉన్నాడు.

క్లాసులో చదువుకున్నవాడిగా నాకు కోర్టు మాటలో తప్పేమీ కనిపించదు. 16వ అధికరణం ప్రభుత్వ ఉద్యోగంలో మతం, కులం, లింగం వంటి వాటితోపాటు వంశం పేరు మీద కూడా వివక్ష కూడదంటుంది. ఆ ఒక్క మాటకు ప్రాణం పోసిన తొలి తీర్పుల్లో ఒకటి తెలుగు నేల మీది వ్యాజ్యమే. గాజుల దశరథ రామారావు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి మధ్య నడిచిన కేసులో 1960లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. గ్రామ మునసబు పదవిని వంశంలోని వారికే ఇవ్వాలన్న 1895 నాటి మద్రాసు చట్టంలోని నిబంధన చెల్లదన్నది దాని సారాంశం. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబుల వ్యవస్థనే రద్దుచేసింది. కరణీకం పోయిందని ఏడ్చినవాళ్లను చూసి పల్లెల్లో నవ్వినవాళ్లే ఎక్కువ. అదే సూత్రం గ్యాంగ్‌మన్ కొడుకు దాకా వచ్చినప్పుడు నవ్వు రాదు. కరణం వారసత్వంగా ఇచ్చింది అధికారాన్ని, గ్యాంగ్‌మన్ ఇవ్వబోయింది ఎండలో పట్టాల పక్క చాకిరిని. అయినా ఆ చాకిరి కోసం బయట నిలబడినవాళ్లు ఎంతమందో 2019లో తెలిసింది. రైల్వేలో కింది స్థాయి పోస్టులు లక్ష పైచిలుకు ప్రకటిస్తే దరఖాస్తులు కోటి దాటాయి. ఆ కోటి మందికీ నాన్న రైల్వేలో లేడు. తీగ లోపలి వారికి రక్షణ అనిపించినది తీగ బయటివారికి అడ్డుగోడ. రెండూ నిజమే.

మరొకటి కూడా తమ్ముడే చెప్పాడు. తండ్రి క్లాస్‌లో ప్రైవేట్ అని రాసినవి కొడుకు క్లాస్ తాకలేదు. ఒకవేళ అన్నయ్యకు ఆ ఉద్యోగం వచ్చి ఉన్నా నాన్న పెన్షన్ లాంటి పెన్షన్ వచ్చేది కాదు. 2004 జనవరి 1 తర్వాత చేరినవారికి పాత పెన్షన్ వర్తించదు కదా. వాడు దాన్ని హాస్యంగానే అన్నాడు. బాబాయ్ నవ్వలేదు.

ఇదంతా ఇంటర్వ్యూకి పనికొస్తుందా? వస్తుందనే నా నమ్మకం. నాలుగు స్తంభాల నిర్వచనాలు కంఠతా పట్టడానికి ఒకప్పుడు విలువ ఉండేది. కంపెనీలు వేల సంఖ్యలో తాజా పట్టభద్రులను తీసుకునే రోజుల్లో వడపోతకు అదొక జల్లెడ. ఇప్పుడు ఆ జల్లెడ రంధ్రాలు చిన్నవయ్యాయి. దేశంలో అతిపెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థ టీసీఎస్‌లోనే 2023-24 ఆర్థిక సంవత్సరంలో ఉద్యోగుల సంఖ్య 13 వేలకు పైగా తగ్గింది. నిర్వచనమూ, దానికి కుక్కాపిల్లీ ఉదాహరణా, మామూలు కోడూ కృత్రిమ మేధ క్షణాల్లో రాసిస్తోంది. అటువంటప్పుడు ఎదుటివాడు తెలుసుకోవాలనుకునేది ఒక్కటే. ఈ మాట ఎప్పుడు వాడాలో, ఎప్పుడు వాడకూడదో ఈ అభ్యర్థికి తెలుసా? డబ్ల్యూఏపీ-7 గూడ్స్ ఇంజన్‌కు కొడుకు ఎందుకు కాలేదో చెప్పగలిగినవాడికి అది తెలుసు.

ప్రశ్నలు అడిగేవాళ్లకూ ఒక మాట. ఇంగ్లీషు గడగడా వచ్చినవాడు నిర్వచనం అప్పజెబుతాడు. బస్తీ కుర్రాడు అదే విషయాన్ని చేతులతో చూపిస్తూ, సగం హిందీలో చెబుతాడు. మొదటివాడికి మార్కులు పడి, రెండోవాడు ఇంటికి వెళితే ఆ కంపెనీ కొలిచింది భాషనే. "మీరు చూసినది చెప్పండి" అన్న ప్రశ్న నిజానికి మంచి ప్రశ్న. కాకపోతే చూసినది కూడా జవాబవుతుందని ఆ కుర్రాడికి అంతవరకూ ఏ బడీ, ఏ కోచింగూ చెప్పలేదు. అభ్యర్థులకు నేను చెప్పగలిగింది కూడా అంతే. మీ ఇంట్లో చేనేత మగ్గం ఉంటే మగ్గం, కిరాణా కొట్టు ఉంటే కొట్టు, ఆటో ఉంటే ఆటో. ఏది ప్రైవేటు, ఏది పబ్లిక్, ఏ భాగం తీసి ఏది బిగించవచ్చో ఒక రాత్రి కూర్చుని ఆలోచించండి. ఆ జవాబు మరొకరి దగ్గర ఉండదు.

తమ్ముడు తర్వాతి ఇంటర్వ్యూలో ఇంజన్ల కథే చెప్పాడట. చెప్పి, అది వారసత్వానికి సరైన ఉదాహరణ ఎందుకు కాదో కూడా చెప్పాడట. నిర్ణీత సమయం దాటి మరో 20 నిమిషాలు గేర్ల గురించే మాట్లాడారని ఫోన్‌లో అన్నాడు. పుణెలో ఓ చిన్న సంస్థ. ఉద్యోగం వచ్చింది.

పక్కన బాబాయ్ గొంతు వినపడుతోంది. "పర్మినెంటేనా?"

"ఆరు నెలలు ప్రొబేషన్ నాన్నా."

"పాసిస్తారేటి?"

ఇరవై ఒకటి దాటి, చదువు కూడా అయిపోయిన కొడుక్కి తండ్రి రైల్వే పాస్ వర్తించదని ఆయనకు తెలియంది కాదు. "టికెట్ కొనుక్కుంటాను నాన్నా" అన్నాడు వాడు. స్లీపరా, ఏసీనా అన్నదాని మీద ఇంట్లో చర్చ మొదలైంది. నేను ఫోన్ పెట్టేశాను.